జమునని అప్పగించి వెళ్ళిన రోజు

నిన్న మధ్యాహ్నం పక్క గదిలో ఎవరో గజ్జి మందు సీసా మూత తీశారు. పాలలా తెల్లగా ఉండే ఆ మందు వాసన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. బయట ముసురు. పిల్లల స్వెట్టర్లు మూడు రోజులుగా ఆరక వరండాలో వేలాడుతున్నాయి. హాజరు పుస్తకంలో సంతకాలు పెడుతున్నదాన్ని, వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్ళి ఆ గదిలోకి తొంగిచూసి, మంచాల మీద ఎవరెవరున్నారో లెక్కపెట్టుకుంటే గాని మళ్ళీ కుర్చీలో కూర్చోలేకపోయాను. మా కొత్త నర్సు నవ్వింది. గంటకోసారి వస్తారేంటి మేడమ్, పిల్లలెక్కడికి పోతారు అంది. పోతారమ్మా. ఒకసారి ఒక పిల్ల పోయింది. ఆ సంగతి ఈ అమ్మాయికి తెలియదు, ఆ మాటకొస్తే ఈ కొండల మీద ఇప్పుడెవరికీ పూర్తిగా తెలియదు. పూర్తిగా తెలిసిన మనిషి మా సువార్తమ్మ సిస్టరు ఒక్కతే. ఆవిడ ఇప్పుడు లేదు.

నేను ఈ కొండెక్కినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. విజయనగరం వైపు వరిపొలాల ఊరు మాది. టీచరు ఉద్యోగం వచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడే లోపే, అరకు దాటి ఇంకా లోపలికి, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి వేశారని కాగితం వచ్చింది. మా అమ్మ ఏడుస్తూనే దుప్పట్లు సర్దింది. రెండేళ్ళు పళ్ళబిగువున లాగించెయ్యి, తరవాత కిందికి బదిలీ పెట్టుకుందువు గాని అంది. నాకూ అదే ఆశ. బస్సు దిగి సామాన్లు మోసుకుంటూ లోపలికి వచ్చేసరికి, తెల్లచీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకున్న ఒక పొట్టి మనిషి ఇద్దరు పిల్లల్ని జుట్టు పట్టుకున్నంత పని చేసి తిడుతోంది. ఆవిడే సువార్తమ్మ, పాఠశాల నర్సు. యాభై దాటిన వయసు, కొండ కింద మిషన్ చర్చి పక్కనే పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళకి పైగా ఈ ఏజెన్సీలోనే సూదులు వేస్తోంది. పిల్లలు సిస్టరమ్మా అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను చివరిదాకా టీచరమ్మా అనే పిలిచింది గాని, ఆ పిలుపులో మొదటి ఏడాదంతా గౌరవం కన్నా వెటకారమే ఎక్కువ.

వెటకారానికి కారణం లేకపోలేదు. మొదటి వారంలోనే పొద్దున ప్రార్థన వరసలో నిలబడ్డ పిల్లల మొహాలు చూసి, అందరూ కులాసాగా ఉన్నారని ఆరోగ్యం పుస్తకంలో రాసేశాను. ఆవిడ పుస్తకం తీసుకుని చదివి, నా చెయ్యి పట్టుకుని వరసలోకి లాక్కెళ్ళింది. "ఏటి టీచరమ్మా, మొహాలు సూత్తన్నావా? మొహాలు అబద్ధాలాడతాయి. జడకింద మెడ మీద సెయ్యేసి సూడు" అంది. చెయ్యేసి చూస్తే నలుగురికి ఒళ్ళు కాలుతోంది. ప్రార్థనకి ముందు కుళాయి దగ్గర మొహం, నుదురు చన్నీళ్ళతో తడుపుకొని వచ్చి నిలబడ్డారు. ఎందుకో తరవాత సిస్టరమ్మే చెప్పింది. జ్వరం ముదిరితే ఇంటికి పంపుతాం, ఇంటికెళ్ళిన పిల్లల్లో కొందరు మళ్ళీ రారు, చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికో పోడు పనికో అక్కడే ఉండిపోతారు, అందుకని చదువు మీద ఇష్టమున్న పిల్లలే జ్వరం ఎక్కువ దాస్తారు అని. మంచి పిల్లలే అబద్ధమాడే చోట నేను ఉద్యోగానికి వచ్చానని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పల్చబడింది.

మాత్రల దగ్గరా అంతే. మలేరియా మాత్ర చేదు. పిల్లలు బుగ్గన పెట్టుకుని నీళ్ళు తాగేసి, గోడవతలకి వెళ్ళి ఉమ్మేసేవాళ్ళు. నేను మాత్ర చేతికిచ్చి, మింగావా అంటే మింగానంటే టిక్కు పెట్టేదాన్ని. సిస్టరమ్మ అలా కాదు. మింగాక మీ ఊరి పేరు గట్టిగా చెప్పు అనేది. ఆ పొడుగాటి ఊరిపేరు నోరంతా తెరిచి చెప్పాలంటే బుగ్గన మాత్ర దాగదు. ఇంత చిన్న ఉపాయం నా బీఈడీలో ఎవరూ చెప్పలేదు. గజ్జి మందు కూడా ఆవిడే నా చేత పూయించింది. నేను దూరంగా నిలబడి పుల్లకి దూది చుట్టి రాస్తుంటే, దూది లాగేసి, వేళ్ళ సందుల్లో వేళ్ళతోనే రాయాలని చేసి చూపించింది. నాకు కోపం వచ్చింది. టీచరుగా వచ్చానా ఆయాగా వచ్చానా అని మా అమ్మకి ఉత్తరం కూడా రాశాను.

కాని ఒక్క విషయంలో మాత్రం ఆవిడే తప్పు, నేనే ఒప్పు అని గట్టిగా అనుకునేదాన్ని. పిల్లకి జ్వరమొస్తే ఊరికి కబురు వెళ్ళేది. మర్నాడు తండ్రి, వెంట ఊరి గురువు వచ్చేవారు. గురువంటే ఇక్కడ చదువు చెప్పేవాడు కాదు, జబ్బు ఏ దేవత కోపం వల్ల వచ్చిందో చూసి శాంతి చేసేవాడు. సిస్టరమ్మ వాళ్ళిద్దరినీ వరండాలో చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చేది. గురువు చేటలో బియ్యం పోసి, వేళ్ళతో కదుపుతూ ఏదో చదివి, పిల్ల చేతికి దారం కట్టేవాడు. పది నిమిషాలు, అంతే. ఆ తరవాత తండ్రి చేతే, పిల్లని ఆసుపత్రికి తీసుకుపోవడానికి సరేననిపించుకునేది. ఆదివారం ఆదివారం చర్చికెళ్ళే మనిషి, అందులోనూ నర్సు, మూఢనమ్మకానికి చాప వేస్తుందా అని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అడిగేశాను. ఆవిడ సిరంజి కడుగుతూ, "సూదేసేముందు నేను పెదాలు కదపనా టీచరమ్మా? ఆళ్ళు బియ్యం కదుపుతారు" అంది. తరవాత కాసేపటికి, తాను కొత్తగా వచ్చిన రోజుల్లో ఇలాగే ఒక గురువుని గేటు దాటి రానివ్వలేదని, ఆ పిల్లని తండ్రి గోడ దూకి వచ్చి తీసుకుపోయాడని, మళ్ళీ ఆ పిల్లని చూడలేదని చెప్పింది. నేను విన్నాను గాని చెవికెక్కించుకోలేదు. అది పాతకాలం మాట, ఇప్పుడు నేనున్నాను కదా అనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

జమున అప్పుడు ఏడో తరగతి. ఈనెపుల్లలా ఉండేది. లెక్కలంటే పారిపోయేది గాని నాకు మాత్రం పెద్ద నేస్తం. నేను సముద్రం చూశానని తెలిసిన రోజు నుంచి నా కొంగు వదల్లేదు. అన్ని నీళ్ళలో ఉప్పు ఎవరేశారు టీచరమ్మా, ఎక్కడి నుంచి తెచ్చారు అని ప్రాణం తీసేది. వాళ్ళ ఊరు రోడ్డు మీద నుంచి రెండు గంటల పైగా కొండెక్కితే వస్తుంది. తండ్రి సంత రోజున దిగి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చేవాడు. ఆయనకి తెలుగు కొద్దిగానే వచ్చు. నేను ఏం మాట్లాడినా తలూపేవాడు.

ఆ ఏడు వానలు విడవలేదు. ఒక సోమవారం పొద్దున వరసలో సిస్టరమ్మ చెయ్యి జమున మెడ మీద ఆగింది. వేలు మీద రక్తం చుక్క తీసి పరీక్ష చేస్తే మలేరియా అని తేలింది, అందులోనూ చెడ్డరకం, ఆలస్యమైతే మెదడుకెక్కేది. వెంటనే మాత్రలు మొదలుపెట్టి ఊరికి కబురు చేసింది. మర్నాడు పాడేరులో నర్సులందరికీ మీటింగు, వెళ్ళక తప్పదు. హెడ్మాస్టరు సెలవులో ఉన్నారు. పొద్దున్నే జీపెక్కేముందు సిస్టరమ్మ నన్ను జమున మంచం దగ్గరికి తీసుకెళ్ళి, ఆ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టి మరీ చెప్పింది. తొమ్మిదికి మాత్ర. తండ్రి, గురువు వస్తారు, వరండాలో కూర్చోబెట్టు, వాళ్ళ పని చేసుకోనియ్యి, అది అవ్వగానే తండ్రితో సహా పిల్లని ఆసుపత్రికి పంపించు. మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ సరేనన్నాను.

వాళ్ళు పదింటికి వచ్చారు. ఆ సమయానికి నాకు రెండు తరగతులు ఒకేసారి మీద పడ్డాయి, వంటింట్లో కట్టెలు తడిసి పొగ, పైగా తొమ్మిదికిచ్చిన మాత్రని జమున కక్కేసింది. మళ్ళీ ఇవ్వాలా వద్దా నాకు తెలియదు. గేటు దగ్గర గురువు, చంకలో చేట. ముసలాయన, తడిసి ముద్దై ఉన్నాడు. ఆ చేటని చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లలందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. పొద్దున్నే వాళ్ళకి సైన్సు పాఠంలో దోమ బొమ్మ వేసి చెప్పినదాన్ని, ఇప్పుడు వాళ్ళ ముందే చాప వెయ్యాలా అనిపించింది. గేటు తీయలేదు. "ఇది బడి. ఇలాంటివి మీ ఊళ్ళో చేసుకోండి" అన్నాను. గురువు చేట చంకలో సర్దుకుని తిరిగి నడిచాడు. జమున తండ్రి నాకేసి చూసి, ఎప్పట్లాగే తలూపాడు. నేను గెలిచానన్నట్టు తరగతికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనాల హడావుడి తగ్గాక మళ్ళీ మాత్ర తీసుకుని వెళితే మంచం ఖాళీ. దుప్పటి కూడా లేదు. మరుగుదొడ్ల దగ్గర చూశాను, వంటింట్లో, బావి దగ్గర చూశాను. ఐదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, జమునక్కని వాళ్ళ నాన్న భుజాన వేసుకుని వెనకగోడ పక్కనుంచి పోయాడని చెప్పింది. ఎప్పుడే అంటే అన్నం గంట కొట్టినప్పుడంది. ఆయన దొంగతనంగా తీసుకుపోలేదు. నేను చెప్పిందే చేశాడు. ఊళ్ళో చేసుకోమన్నాను, ఊరికి తీసుకుపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా నాయనమ్మ రోజూ అనేది, అది ఇలా తగులుతుందనుకోలేదు. ఫోను చేద్దామంటే ఆ రోజుల్లో సిగ్నలు కోసం గుట్టెక్కాలి. గుట్టెక్కాను, అదీ దొరకలేదు. వానలో నిలబడి ఏడ్చాను.

సిస్టరమ్మ రెండున్నరకి జీపు దిగింది. నేను చెప్పాను, మొత్తం చెప్పాను, ఏమీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ మందుల సంచీ భుజాన వేసుకుని, జీపు డ్రైవరుతో రోడ్డు మొదట్లోకి 108 బండిని పిలిపించమని చెప్పి, "బేగి నడు" అంది నాతో.

ఆ కొండదారి ఇప్పటికీ కలలో వస్తుంది. ఎర్రమట్టి జారుతోంది. కాఫీ తోటల్లోంచి జలగలు కాళ్ళకి పట్టుకుంటున్నాయి, దులుపుకునే తీరిక లేదు. యాభై దాటిన మనిషి ఆవిడ నా ముందు నడుస్తోంది, నేను వెనకబడితే ఆగడం లేదు. దారిలో ఎదురొచ్చినవాళ్ళని పిల్ల ఎలా ఉందో చూశారా అని అడుగుతోంది. ఒకామె, తల వేలాడేసి ఉందని చెప్పింది. ఆ తరవాత నేనేమీ వినలేదు. ఆ పిల్ల పోతే నేను ఏమవుతాను అనే ఆలోచన వచ్చింది నాకు, ఆ పిల్ల ఏమవుతుంది అన్నది దాని తరవాతే వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అదే నిజం.

మేం చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఇంటి అరుగు మీద జమున పడుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని మమ్మల్ని చూడడం లేదు, ఏదో గొణుగుతోంది. తల్లి తడిగుడ్డ మార్చి మార్చి వేస్తోంది. గురువు ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. చేట పక్కనే ఉంది గాని బియ్యం పొయ్యలేదు. ఊరు వచ్చిన దగ్గర్నుంచీ తండ్రి బతిమాలుతున్నాడట. బడి గేటు దగ్గర అంతమంది పిల్లల ముందు అవమానం జరిగింది, ఆ అవమానం కడగకుండా దేవతని పిలిస్తే పలకదు అన్నాడట ముసలాయన. శాంతి కాకుండా పిల్లని కదపడానికి తండ్రికి భయం. నా మాట వల్ల ఆ పిల్లకి అటు మందూ లేదు, ఇటు మంత్రమూ లేదు. తండ్రి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నువ్వే సెప్పినావు గదా టీచరమ్మా, ఊళ్ళో సేసుకోమని" అన్నాడు. కోపంగా అనలేదు. నేను సరిగ్గానే విన్నానా అని అడిగినట్టు అన్నాడు.

సిస్టరమ్మ జమున నాడి చూస్తూ, నా వైపు తిరగకుండానే, "మాట అన్నది నువ్వు. మాటాడాల్సిందీ నువ్వే" అంది. నేను వెళ్ళి గురువు ముందు నేల మీద కూర్చున్నాను. తప్పైపోయింది తాతా అన్నాను. ఆయన నాకేసి చూశాడు. "నాకూ మనవరాళ్ళున్నారమ్మా మీ బడిలో. నేను ఆ పిల్లకి సెడు సేత్తానా?" అన్నాడు. అని చేట అందుకున్నాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ సిస్టరమ్మ పిల్లకి సూది వేసి, పక్కన కూర్చుని పెదాలు కదుపుతూనే ఉంది. దారం కట్టడం అయ్యాక గురువే లేచి, ఇంక దింపండి అన్నాడు. దుప్పటిని కర్రకి డోలీలా కట్టి జమునని పడుకోబెట్టారు. ముందు తండ్రి ఎత్తాడు. వెనక కొస గురువు తన భుజానికెత్తుకున్నాడు. వద్దన్నా వినలేదు. కింద రోడ్డు మీద 108 కనిపించేసరికి చీకటి పడుతోంది.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఆ పిల్లకి తెలివి రాలేదు. ఐదో రోజు కళ్ళు తెరిచి ఆకలన్నదని కబురొచ్చినప్పుడు నేను నల్లబల్ల మీద ఏదో రాస్తున్నాను. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది, పిల్లల ముందే గొంతెత్తి ఏడ్చేశాను.

తరవాత వారంలో పైనుంచి ఆఫీసరుగారు విచారణకి వచ్చారు. పిల్ల చెప్పకుండా బడి దాటిపోవడం చిన్న విషయం కాదు. మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగారు. సిస్టరమ్మ దగ్గరికొచ్చి, జ్వరంతో ఉన్న పిల్లని ఎవరికి అప్పగించి మీటింగుకి వెళ్ళారని అడిగారు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. "ఎవరికీ అప్పగించలేదండి. మర్చిపోయాను" అంది సిస్టరమ్మ. ఆయన రాసుకున్నారు. నేను తలెత్తలేదు. నెలలోపు ఆవిడని రాజవొమ్మంగి వైపు బదిలీ చేశారు. ఇరవై ఏళ్ళు తన చేతుల మీద పిల్లల్ని కాచిన చోటు నుంచి, అశ్రద్ధ అని కాగితం మీద రాసి పంపేశారు.

వెళ్ళేరోజు ఆవిడ పెట్టె కడుతుంటే అడిగాను, ఎందుకలా చెప్పారని. నా మీద ప్రేమతో చేసిందని ఎక్కడో ఆశ. "నీ కోసం కాదు" అంది సిస్టరమ్మ, ముడి బిగిస్తూ. "నిన్ను పంపేత్తే కొత్తావిడొత్తాది. ఆవిడికి గేటు కాడ ఏటి సెయ్యాలో తెలీదు. తెలిసీసరికి ఇంకో పిల్ల పోతాది. నీకు ఇప్పుడు తెలిసింది. నువ్వుండు." అప్పటికి నా బదిలీ దరఖాస్తు నింపి పెట్టెలో ఉంది. ఆ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో ఈనాటికీ తెలియదు. రాజవొమ్మంగిలో మూడేళ్ళు చేసి, రిటైరైన ఏడాదే పోయింది. వాళ్ళ చర్చి వెనక సమాధి దగ్గర నిలబడి కూడా నేను నోరు విప్పలేదు. చుట్టూ అందరూ ఆవిడ చాలా మంచిది గాని ఒకసారి అశ్రద్ధ చేసిందట అని మాట్లాడుకుంటున్నారు.

పదిహేనేళ్ళు దాటాయి. నేను ఉన్నాను. ఇప్పుడు ఇదే బడికి హెడ్మిస్ట్రెస్‌ని. బదిలీల కాలం వచ్చినప్పుడల్లా మా అమ్మ ఫోను చేస్తుంది, ఈసారైనా పెట్టుకున్నావా అని. లేదమ్మా అంటాను. ఆ కొండల మీద ఏముందే నీకు అని విసుక్కుంటుంది. భయం ఉంది, ఏం చెప్పను? వాన మొదలైతే భయం, వరసలో ఒక పిల్ల తల దించుకుంటే భయం, గేటు చప్పుడైతే భయం. ఇన్నేళ్ళలో అది తగ్గింది లేదు.

మొన్న జూన్‌లో జమున వచ్చింది. కూతుర్ని మూడో తరగతిలో చేర్పించడానికి. పిల్ల అచ్చు తల్లిలాగే ఈనెపుల్ల. దరఖాస్తు మీద సంతకం పెట్టి, కూతురి చెయ్యి తీసి నా చేతిలో పెట్టి, "వేరే బడి దగ్గర్లోనే ఉంది టీచరమ్మా, కానీ నువ్వున్నావని ఇక్కడ అప్పగిస్తన్నాను" అంది. తనకి ఆ జ్వరం రోజులు సరిగ్గా గుర్తు లేవు. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదట. సిస్టరమ్మ మర్చిపోయింది, టీచరమ్మ కొండెక్కి తీసుకొచ్చింది, తనకి తెలిసిన కథ అంతే. ఇంటికి పంపేముందు రెండుసార్లు చెప్పబోయాను, చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను జమునా. సిస్టరమ్మ ఏదీ మర్చిపోలేదు. ఆ రోజు పొద్దున నీ చెయ్యి నా చేతిలో పెట్టి, మూడుసార్లు చెప్పి మరీ, నిన్ను నాకే అప్పగించి వెళ్ళింది.